తగలని దెబ్బ

పొద్దున ఎనిమిదిన్నరకు వెంకట్రావు తలుపు కొట్టేసరికి కోదండం లుంగీలో, చాయ్ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో పదకొండేళ్లుగా ఇద్దరూ ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటున్నారు. వెంకట్రావుది తెనాలి వైపు. కరెంటాఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఫోన్ చేయకుండా ఎవరింటికీ వెళ్లే రకం కాదు. ఆయన ఏమీ చెప్పకుండా ఫోన్‌లో ఒక ఫొటో తెరిచి కోదండం ముఖం ముందు పెట్టాడు.

నాదర్‌గుల్‌లో పక్కపక్కనే ఉన్న తమ ఇద్దరి ప్లాట్లు. వాటి చుట్టూ కంచె కోసం రాతి కడీలు. రెండు వైపులా పాతేశారు, మూడో వైపు గుంటలు తీస్తున్నారు.

ఎవరో మహేందర్ అట. ఆ భూమి పాత పట్టాదారు మనవలను పట్టుకుని, ఇరవయ్యేళ్ల కిందట ప్లాట్లుగా అమ్మేసిన స్థలాన్నే మళ్లీ తన పేరున రాయించుకున్నాడు. వెంకట్రావు ముందురోజు సాయంత్రమే ఠాణాకు వెళ్లి వచ్చాడు. ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి అన్నారట. కోర్టుకు పోయేలోపు నాలుగో వైపు కూడా కడీలు పడితే, ముళ్లతీగ చుడితే, లోపల ఒక రేకుల గది లేస్తే ఇక కాగితాలు పట్టుకుని తిరగడమే మిగులుతుంది. తిరిగి తిరిగి పోయినవాళ్లు అదే వెంచర్‌లో ముగ్గురున్నారు.

వెంకట్రావుకు సొంత ఫ్లాట్ ఉంది, పెన్షన్ ఉంది. కోదండానికి ఉన్నది ఆ రెండు వందల గజాలే. అరవై ఒక్క ఏళ్ల వయసులో ఇప్పటికీ కిరాయి ఇంట్లో ఉంటున్నాడు.

"మీరొచ్చి ఊరికే నిలబడండి చాలు," అన్నాడు వెంకట్రావు. "మిమ్మల్ని చూస్తే పనోళ్లు పారిపోతారండీ. నోరు మాత్రం విప్పకండి."

వంటింట్లోంచి యాదమ్మ వచ్చింది. ఆమెకు విషయం చెప్పారు. ఆమె మొగుణ్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"బల్లిని జూస్తే మంచమెక్కే మనిషి సార్ గీయన," అంది వెంకట్రావుతో. "గీయన్ని దీస్కపోయి లొల్లిల నిలవెడ్తరా?"

అయినా లోపలికి వెళ్లి నల్ల చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది. వెండి కడియం, నల్లద్దాలు కూడా ఆమే తీసి ఇచ్చింది.

*

కోదండంది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మగ్గం గుంటలో కూర్చుంటే మోకాళ్లు పట్టనంత పొడుగు కావడంతో, నేత నీకు కాదురా అని తండ్రి అతణ్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మేనమామ చీరల దుకాణానికి పంపాడు. ఆరడుగుల రెండంగుళాలు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు. కనుబొమలు కలిసిపోయి ఉంటాయి. ఆడవాళ్లు అతని దగ్గర చీర బేరం చేయడానికి జంకేవారు. మేనమామకు అది లాభమే అనిపించింది. ఒకరోజు ఒక సినిమా ప్రొడక్షన్ మేనేజర్ షూటింగుకు చీరలు కొనడానికి వచ్చి, చీరలతో పాటు కోదండాన్ని కూడా రెండు రోజులకు తీసుకుపోయాడు. విలన్ వెనక నిలబడాలి, అంతే.

అట్లా నిలబడుతూ నిలబడుతూ ముప్ఫై రెండేళ్లు గడిచాయి. సినిమాలు రెండు వందలు దాటాయి. ఏదో ఒక సినిమా చూడని తెలుగువాడుండడు. అతని ముఖం తెలియనివాడూ ఉండడు, పేరు తెలిసినవాడూ ఉండడు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో అతను ఆడపిల్లను జుట్టు పట్టి ఈడ్చే సినిమా వస్తే, సోమవారం పొద్దున ఇంటి ఓనరు వచ్చి, ఏమనుకోకండి, మా తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు ఖాళీ చేయాలి అనేవాడు. కొత్తపేటలో రెండిళ్లు, చైతన్యపురిలో ఒకటి అట్లాగే వదిలారు. మూడోసారి సామాను ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తున్నప్పుడు యాదమ్మ, మనకంటూ ఒక గోడ ఉండాలె అంది. ఆ మాట మీద కొన్నదే నాదర్‌గుల్ ప్లాటు. పక్క ప్లాటు కొన్న వెంకట్రావు పరిచయమైంది అక్కడే. కొనగలిగాడు గానీ కట్టలేకపోయాడు.

సినిమా వాళ్లకు తెలిసి, బయటివాళ్లకు తెలియని సంగతులు అతని గురించి రెండున్నాయి.

ఒకటి, తెర మీద అతని గొంతు అతనిది కాదు. కోదండం గొంతు సన్నం. ఫోన్‌లో ఎవరైనా, అమ్మా, సార్‌ని పిలవండి అంటారు. మొదటి రోజుల్లోనే ఒక డైరెక్టర్ విని నెత్తి కొట్టుకుని, ఇంకొకరితో డబ్బింగ్ చెప్పించాడు. అప్పటినుంచి అదే పద్ధతి.

రెండోది, అతను కొట్టడంలో గొప్పవాడేం కాదు. అతని పనితనమంతా దెబ్బ తినడంలోనే ఉంది. సినిమా దెబ్బ తగలదు. హీరో చెయ్యి చెంపకు జానెడు దూరంలోనే ఆగుతుంది. కెమెరా హీరో భుజం వెనక ఉంటుంది కాబట్టి ఆ జానెడు కనపడదు. చెయ్యి కదలగానే మెడ తిరగాలి, మెడ వెనక భుజం, భుజం వెనక నడుము. క్షణం ముందైతే నవ్వులాట, క్షణం ఆలస్యమైతే నిజంగానే పళ్లు రాలతాయి. దీన్ని రియాక్షన్ అంటారు. అతనికి ఇది నేర్పిన ఫైట్ మాస్టర్, కొట్టేవాడిదేముంది, తినేవాడే రా దెబ్బను చూపించేది అనేవాడు. కోదండం పడితే నేల అదిరినట్టుండేది. కొందరు హీరోలు అతనే కావాలని అడిగి పెట్టించుకునేవారు. వేలసార్లు పడ్డాడు. ఒళ్లు దానికదే పడటం నేర్చుకుంది. ఇంట్లో యాదమ్మ దుప్పటి దులపడానికి చెయ్యెత్తినా మెడ తిరిగేది.

గత నాలుగేళ్లుగా పిలుపులు తగ్గాయి. ఇప్పటి విలన్లు జిమ్ములోంచి వస్తున్నారు.

*

వెంకట్రావు కారు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పది నిమిషాలు ఆగిపోయింది. విజయవాడ బస్సులు అడ్డంగా నిలబడి ఉన్నాయి. పక్కనే బైకు మీద ఇద్దరు నవ్వుకుంటూ కారులోకి చూశారు. కోదండాన్ని చూడగానే వెనకున్నవాడి నవ్వు ఆగిపోయింది. ముందున్నవాడి చెవిలో ఏదో చెప్పాడు. వెంకట్రావుకు అది చూసి ధైర్యం వచ్చింది. చూశారా, ఇదే కావాలి మనకు అన్నాడు. కోదండం అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. బీఎన్ రెడ్డి నగర్ దాటేదాకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

ప్లాటు దగ్గర ఒక ట్రాక్టరు, దాని ట్రాలీలో ఇంకా దించని కడీలు, గడ్డపారలతో నలుగురు పనివాళ్లు. కోదండం కారు దిగి నల్లద్దాలు సర్దుకుని నిలబడ్డాడు. పనివాళ్లు చూశారు. ఒకడు గడ్డపార కింద పెట్టాడు. తర్వాత మిగతావాళ్లూ పెట్టారు. దగ్గర్లోని పైలట్ ట్రైనింగ్ వాళ్ల చిన్న విమానం ఒకటి తలల మీదుగా గుర్రుమంటూ పోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

మహేందర్ అవతల షెడ్డు నీడలోంచి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, మెడలో లావుపాటి గొలుసు. వచ్చి ముందు నమస్తే అన్నా అన్నాడు. తర్వాత కాగితాలు తెప్పించాడు. వెంకట్రావు తన కాగితాలు తీశాడు. 2003 రిజిస్ట్రేషన్, లింకు డాక్యుమెంట్లు, మొన్న రిజిస్ట్రార్ ఆఫీసులో తీసిన ఈసీ. వెంకట్రావు చదువుతుంటే మహేందర్ ఆయన వైపు చూడలేదు. కోదండం వైపే చూస్తూ, అతనితోనే మాట్లాడాడు. పట్టాదారు మనవలకు వాటా రాలేదన్నాడు. వాళ్ల ఉసురు తగులుతుందన్నాడు. కూర్చుని మాట్లాడుకుందాం, సగం ధర ఇప్పిస్తానన్నాడు.

కోదండం మాట్లాడలేదు. కదలనూ లేదు.

సినిమాల్లో అతను విలన్ వెనక నిలబడ్డప్పుడు చేసిన పని ఇదే. దానికి అలవాటుపడ్డ ఒళ్లు కాబట్టి నిలబడింది. లోపలి భయం నల్లద్దాల వల్ల బయటికి కనపడలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎదురుగా కొత్తగా స్లాబ్ పడిన ఇంటి మీద ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. రోడ్డు మీద పోతున్న ఒకతను బండి ఆపి, మహేందర్ వెనకగా వచ్చి ఫోన్ తీశాడు.

తల తిప్పితే మహేందర్‌కు అది కనిపించింది. పనివాళ్లు పని ఆపి నిలబడటమూ కనిపించింది. వాళ్ల ముందు వెనక్కి తగ్గితే రేపు ఇంకో వెంచర్‌లో అతని మాటకు గడ్డపార లేవదు.

"నువ్వు మాట్లాడవా?" అన్నాడు. జవాబు లేకపోయేసరికి పనివాళ్ల వైపు తిరిగి, "గా మూలకున్న రాయి పీకుండ్రి రా," అన్నాడు.

ఆ మూలనున్నది ప్లాటు హద్దురాయి. దాని మీద ప్లాటు నంబరు ఎర్రరంగుతో రాసింది యాదమ్మ. ఏటా దసరా ముందు వచ్చి మళ్లీ రంగు వేసి పోతుంది. ఒక పనివాడు సంకోచిస్తూనే పోయి గడ్డపార దాని కింద దూర్చాడు. రాయి కదిలింది.

"ఆ రాయి ముట్టకు," అన్నాడు కోదండం.

గడ్డపార పట్టుకున్నవాడు కిసుక్కుమన్నాడు. పక్కవాడూ నవ్వాడు. మహేందర్ ముందు అర్థం కానట్టు చూసి, ఆ తర్వాత పగలబడి నవ్వాడు.

"గిదా నీ గొంతు? ఏందన్నా, చిన్నప్పటిసంది నిన్ను జూసి ఉచ్చ వోస్కుంటిమి గదనే."

వెంకట్రావు కళ్లు మూసుకున్నాడు. కోదండం అంటే ఇంతసేపూ ఉన్న భయం అందరిలోనూ ఒక్కసారే దిగిపోయింది. అది అతనికీ తెలిసింది. ఇక చేయడానికి మిగిలింది ఒక్కటే కాబట్టి అది చేశాడు. నడుచుకుంటూ పోయి ఆ రాయికి అడ్డంగా నిలబడ్డాడు. గడ్డపార అతని చెప్పుకు రెండంగుళాల దూరంలో ఉంది.

మహేందర్ నవ్వు ఆపి దగ్గరికి వచ్చాడు. జరుగు అన్నాడు. కోదండం జరగలేదు. మళ్లీ అన్నాడు. జరగలేదు. మహేందర్ చెయ్యి లేపి విసిరాడు. కొట్టాలని కాదు. పెద్దవాడు, నలుగురు చూస్తున్నారు. భయపెట్టి జరపాలని విసిరాడు, జానెడు దూరంలో ఆపాడు.

కోదండం మెడ తిరిగింది. మెడ వెనక భుజం, భుజం వెనక నడుము. నల్లద్దాలు ఎగిరి ట్రాక్టరు చక్రం దగ్గర పడ్డాయి. ఆరడుగుల రెండంగుళాల మనిషి హద్దురాయి పక్కన దబ్బున పడ్డాడు. దుమ్ము లేచింది.

ఆలోచించి చేసింది కాదు. పడ్డాక గానీ తను పడ్డట్టు అతనికి తెలియలేదు.

"అయ్యో, ముసలాయన్ను కొట్టి సంపిండు," అని స్లాబ్ మీది ఆడమనిషి కేక పెట్టింది. గడ్డపార దూరంగా పడిన చప్పుడైంది. నేను తాకలే, నేను తాకలే అని మహేందర్ అంటున్నాడు. వెంకట్రావు మోకాళ్ల మీద కూలబడి, కోదండం గారూ, కోదండం గారూ అంటూ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు.

కోదండం కళ్లు తెరవలేదు. పడ్డాక కట్ అనేదాకా కదలకూడదు. అదీ అలవాటే. కానీ ఇక్కడ కట్ అనేవాళ్లు లేరు. ఎప్పుడు లేవాలో తనే తేల్చుకోవాలి. ఇప్పుడే లేచి, నాకేం కాలేదు అంటే వాళ్లు మళ్లీ నవ్వుతారు, రాయి పీకుతారు. ఆ సంగతి మాత్రం అతను ఆలోచించే తేల్చుకున్నాడు. ముఖం మీద నీళ్లు చల్లారు. ముక్కులోకి పోయినా కదలలేదు. ఎవరో ఫోన్ చేసి పిలిచిన పోలీసుల బండి సైరన్ వినిపించాక కళ్లు తెరిచాడు.

*

ఠాణాలో ఎస్సై పేరు స్వప్న. ఆమె ఆ వీడియో మూడుసార్లు చూసింది. బండి ఆపినతను సరిగ్గా మహేందర్ భుజం వెనక నిలబడి తీశాడు. ముప్ఫై రెండేళ్లుగా కెమెరాలు నిలబడిన చోటే నిలబడ్డాడు. జానెడు సందు ఎక్కడా కనపడలేదు.

"నా చెయ్యి తగల్లేదు మేడమ్," అన్నాడు మహేందర్. అప్పటికి ఇరవయ్యోసారి.

"మరి గాలికి పడ్డడా?"

వెంకట్రావు, చూశారా మేడమ్, నిన్న సివిల్ మ్యాటర్ అన్నారు అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చలేదు గానీ, ఇది సివిల్ కాదని ఒప్పుకుంది. పెద్దమనిషి మీద చెయ్యి చేసుకున్న కేసు రాస్తానంది. ముందు దవాఖానకు పంపి సర్టిఫికెట్ తెప్పిస్తానంది. కానిస్టేబుల్‌ను పిలిచింది.

కోదండం మోచెయ్యి గీరుకుపోయింది, నిజమే. కానీ చెంప మీద ఏముంది? వేలి గుర్తు లేదు, వాపు లేదు. డాక్టరు బ్యాటరీ లైటు పెట్టి చూస్తాడు, ఏమీ లేదని రాస్తాడు. అప్పుడు మహేందర్ మాటే నిజమవుతుంది. కొట్టించుకున్నట్టు నటించాడని తన మీదే కేసు అవుతుంది. సాయంత్రానికి నాలుగో వైపు కడీలు పడతాయి.

స్వప్న కుర్చీ ముందుకు జరుపుకుని అతని చెంపను చూసింది. మచ్చల ముఖం, మూడు రోజుల గడ్డం. ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో చెప్పలేదు.

"చెప్పండి. కొట్టిండా, లేదా?"

వెంకట్రావు మోకాలు బల్ల కింద అతని మోకాలికి ఆనింది. ఆయనకు తెలియదు, దెబ్బ తగిలిందనే నమ్ముతున్నాడు. అవును అనడానికి ఇంత ఆలస్యం ఎందుకో ఆయనకు అర్థం కావడంలేదు. బల్ల అవతల మహేందర్ తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"కేసు వద్దు మేడమ్," అన్నాడు కోదండం. "కడీలు తీపియ్యుండ్రి. చాలు."

"నేనడిగింది అది కాదు."

"వానికి పిల్లలుంటరు. జైలెందుకు మేడమ్? నా రాయి నాకుంటే చాలు."

స్వప్న అతని ముఖంలోకి చూసింది. ఆమె ఎందరో అబద్ధాలకోరులను చూసి ఉంటుంది. ఈ మనిషి అబద్ధమూ చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. అది ఆమెకు తెలిసిందో లేదో గానీ కానిస్టేబుల్‌ను దవాఖానకు వద్దని వెనక్కి పంపింది. మహేందర్ వైపు తిరిగి, పెద్దమనిషి కాబట్టి వదిలేస్తున్నడు అంది. రేపు పన్నెండు గంటలలోపు కడీలన్నీ తీసి గుంటలు పూడుస్తానని, కోర్టు ఆర్డర్ లేకుండా ఆ రెండు ప్లాట్లలో అడుగుపెట్టనని రాసివ్వాలంది. లేదంటే వీడియో ఆమె దగ్గరే ఉంది. మహేందర్ రాసి సంతకం పెట్టాడు.

వెంకట్రావు కారు తేవడానికి వెళ్లాడు. కోదండం ఆవరణలో, పట్టుకొచ్చి పడేసిన పాత బండ్ల పక్కన నిలబడ్డాడు. మహేందర్ అక్కడికి వచ్చాడు. కోదండం ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ మహేందర్ గొడవ పడేటట్టు లేడు. గొంతు తగ్గించాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత. నా పిల్లల మీద ఒట్టేసి అడుగుతున్న. తగిలిందా?"

ఠాణా మెట్లు అక్కడికి ఇరవై అడుగులు. లోపల స్వప్న ఫోన్‌లో మాట్లాడుతున్నది వినపడుతూనే ఉంది. ఇప్పుడు నిజం చెబితే మహేందర్ ఆ మెట్లెక్కి, ఆయనే ఒప్పుకున్నడు మేడమ్ అనొచ్చు. కాగితం చింపించవచ్చు. తగిలిందని ఒక్క మాట అంటే అయిపోతుంది. మహేందర్ ఇంకా అరచెయ్యి చూసుకుంటున్నాడు. తన చేతి మీద తనకే నమ్మకం పోయిన మనిషిని కోదండం ఎప్పుడూ చూడలేదు.

"తగల్లే బిడ్డా."

"మరెందుకు వడ్డవ్?"

"నా పనే గది. చెయ్యి లేస్తే పడ్త."

మహేందర్ మెట్ల వైపు చూశాడు. కోదండం కూడా అటే చూశాడు. లోపల ఫోన్ మాటలు ఆగిపోయాయి. మహేందర్ ఒక అడుగు వేశాడు. ఆగాడు. గేటు బయట ట్రాక్టరు డ్రైవరు, నలుగురు పనివాళ్లు అతని కోసం ఎదురుచూస్తున్నారు. ఒకడు ఇటే చూస్తున్నాడు. లోపలికి పోయి నిరూపించుకుంటే ఏం నిరూపించినట్టు? ముసలి నటుడు ఉత్తగా పడితే ఠాణాలో సంతకం పెట్టి వచ్చాడని నాదర్‌గుల్ నుంచి బాటసింగారం దాకా నవ్వుతారు.

"ఎవ్వరికీ చెప్పకు," అన్నాడు. "కొట్టిన్ననే ఉండనియ్యి."

కోదండం తలూపాడు. మహేందర్ గేటు వైపు నడిచాడు. నాలుగడుగులు పోయాక భుజాలు వెనక్కి లాగి, నడక మార్చాడు. ఆ నడక ఎట్లా నేర్చుకుంటారో కోదండానికి బాగా తెలుసు.

మర్నాడు పదకొండింటికి కడీలు తీయడం మొదలుపెట్టారు. యాదమ్మ కూడా వచ్చింది. ఒక్కో కడీ లేస్తుంటే లెక్కపెడుతూ నిలబడింది. ఆఖరిది గట్టిగా పట్టేసి రాకపోతే పనివాడి పక్కన తనూ ఒక చెయ్యి వేసింది. వెంకట్రావు మాత్రం, మీరు కేసు పెట్టి ఉండాల్సిందండీ, అంత మంచితనం పనికిరాదు అని అంటూనే ఉన్నాడు. కోదండం ఆయనతో వాదించలేదు. నిజం యాదమ్మకు చెప్పాడు, ఆయనకు చెప్పలేదు.

వీడియో చాలా దూరం పోయింది. పాత విలన్‌కు నడిరోడ్డు మీద దెబ్బలు అని పేరు పెట్టి పంచుకున్నారు. కింద కామెంట్లలో సగం జాలి, సగం నవ్వు. కూరగాయల బండివాడు కోదండాన్ని చూసి మొదటిసారి, బాగున్నరా సార్ అని పలకరించాడు. ప్రొడక్షన్ మేనేజర్లెవరూ పలకరించలేదు. రోడ్డు మీద ఒక్క చెంపదెబ్బకు పడిపోయినవాణ్ని తెర మీద చూసి ఎవరు భయపడతారు? ఆ తర్వాత వచ్చిన వేషం ఒక్కటే, పెళ్లికూతురి తాత. రెండు రోజుల పని. మొట్టమొదటిసారి సొంత గొంతుతో డైలాగు చెప్పాడు.

వర్షాలు పడకముందే వెంకట్రావుతో కలిసి రెండు ప్లాట్ల చుట్టూ ప్రహరీ ఎత్తించాడు. గేటు పక్కన బోర్డు రాయడానికి పెయింటర్ వచ్చాడు. కోదండాన్ని చూసి గుర్తుపట్టాడు. ఏ సినిమానో గుర్తురాలేదు గానీ ముఖం గుర్తుపట్టాడు. పేరు పక్కన కత్తి పట్టుకున్న మీ ఫొటో ఒకటి వేద్దాం సార్, అటు దిక్కు ఎవ్వడూ రాడు అన్నాడు.

"వద్దు," అంది యాదమ్మ, కోదండం నోరు విప్పకముందే. "పేరు రాయి. సర్వే నంబరు, ప్లాటు నంబరు పెద్దగ రాయి. ఫోన్ నంబరు నాది రాయి."